పిల్లలతో కోట మ్యూజియంకి వెళ్ళే ముందు

ఒరేయ్ కిరణ్,

ఆదివారం పిల్లల్ని చెన్నైలో సెయింట్ జార్జ్ కోట మ్యూజియంకి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, తనూ వస్తోందట కదా, చాలా సంతోషంరా. ఆదివారం పెట్టుకుని మంచి పని చేశావ్, శుక్రవారం సెలవు. మీ అక్క చిన్నప్పుడు నేను ఆ సంగతి కనుక్కోకుండా లీవు పెట్టి మరీ శుక్రవారం తీసుకెళ్ళా, మూసిన తలుపు చూసి అది ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది.

కారు వద్దు. మాంబళంలో బీచ్ లోకల్ ఎక్కి కోట స్టేషన్లో దిగండి, అక్కణ్ణుంచి మీ అమ్మని నడిపించకు, ఆటో మాట్లాడు. సెక్రటేరియట్ కూడా ఆ కోటలోనే కాబట్టి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఆధార్ దగ్గర పెట్టుకో, సంచులు తగ్గించు.

ఇంక అసలు మాట. అన్నీ చూపించాలనుకోకు. ప్రతి అద్దాల బీరువా ముందూ నిలబెట్టి బోర్డు చదివిస్తే పిల్లలకి మ్యూజియం అంటేనే విసుగొచ్చేస్తుంది, నేను మీ అక్కకి చేసిన తప్పు అదే. మూడు చాలు. శనివారం రాత్రి అన్నాలు తినేటప్పుడు కథ మొదలుపెట్టు, మన నెల్లూరు వైపు ఆర్మగాంలో ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఆయన కొత్త చోటు వెతుక్కుంటూ వస్తే 1639లో ఇక్కడి స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని చెప్పు. వాళ్ళు రోజూ స్కూల్ పుస్తకం మీద రాసుకునే ఊరి పేరులో మన తెలుగాయన ఉన్నాడని తెలిస్తే ఆ కోట గోడ వేరేగా కనిపిస్తుందిరా.

లోపల మొదట టిప్పు సుల్తాన్‌ని ఓడించిన ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ విగ్రహం దగ్గర ఆగు. మొహం కాదు, కింద పీఠం చూపించు, 1792లో ఓడిపోయిన టిప్పు సుల్తాన్ తన ఇద్దరు కొడుకుల్ని తాకట్టుగా అప్పగించిన ఘట్టం చెక్కి ఉంటుంది. ఆ పిల్లలకి ఎలా అనిపించి ఉంటుందిరా అని అడిగి ఊరుకో, మీ వాళ్ళే మాట్లాడతారు. తర్వాత నాణేలు, కంపెనీ వాళ్ళు వేయించిన వరహాల మీద విష్ణుమూర్తి ఉంటాడు, ఇక్కడ జనం తీసుకోవాలంటే తెల్లవాడైనా మన దేవుణ్ణి వేయాల్సిందే కదా. ఏ దేవుడో నువ్వు చెప్పకు, వెతకనీ.

చివరికి జెండా. 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన పట్టు జెండా అది, పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పాడవకుండా అద్దాల్లో భద్రంగా పెట్టారు. దాని కోసం మెట్లెక్కాలి, మీ అమ్మకి మోకాళ్ళు కదా, తొందరపెట్టకు, మధ్యలో ఆగుతూ ఎక్కించు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా గీసిచ్చిన పింగళి వెంకయ్యగారి గురించి మీ అమ్మనే చెప్పనీ, ఆవిడదీ కృష్ణా జిల్లానే కాబట్టి నీకన్నా బాగా చెప్తుంది. అక్కడ మాత్రం ఫోన్ జేబులో పెట్టి కాసేపు ఊరికే నిలబడండి.

ఓపిక ఉంటే పక్కనే సెయింట్ మేరీస్ చర్చి, 1680 నాటిది, చల్లగా కూర్చోవచ్చు. పులిహోర, పెరుగన్నం లోపల విప్పకు, మెరీనాకి వెళ్ళి తినండి, నీళ్ళు మాత్రం ఎక్కువే పెట్టుకో.

రాత్రికి పెద్దోడితో ఫోన్ చేయించు, వరహా మీద ఎవరున్నారో వాడి నోటే వింటా.

మీ పెద్దనాన్న