40 టాటింగ్ పూలున్నాయి, పెద్ద డిజైన్ ఎలా కలపాలి? ముందు సందు చుక్క ముగ్గు వేయండి

ఆరు రేకుల టాటింగ్ పూలు (షటిల్ అనే చిన్న నాడెకి చుట్టిన దారంతో ముడులు వేస్తూ చేసే లేసు పూలు) 40 దాకా డబ్బాలో ఉండిపోయాయి, టీపాయ్ మీద పరిచే పెద్ద పీసులా కలుపుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అన్నారు కదండీ. నేను షటిల్ పట్టి 12 ఏళ్ళయింది, ఇలాగే డబ్బాల నిండా పూలు చేసి పెట్టుకుని తర్వాత కలపడం నేర్చుకున్నదాన్ని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఇంటింటా లేసు అల్లేవాళ్ళే. మొన్న 2024లో జిఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన నరసాపురం లేసు అదే, కొక్కెం సూదితో అల్లే క్రోషే, మన టాటింగ్ కాదు. కానీ అక్కడ పూలు అల్లే చేతిపని వేరు, వాటిని కలిపే అతుకుపని వేరు. మా అమ్మది అతుకుపని. పూల మూట రాగానే సూది పట్టేది కాదు, దుప్పటి మీద అన్నీ పరిచి, అటూ ఇటూ జరిపి, చాలాసేపు చూసుకుని అప్పుడు మొదలుపెట్టేది. మీరూ ముందు సూది పక్కన పెట్టి ముగ్గు గుర్తు తెచ్చుకోండి, నిజంగా అంతే విషయం.

ఆరు రేకుల పువ్వు అంటే సందు చుక్క. ఒక పువ్వు చుట్టూ సరిగ్గా ఆరు పూలు పడతాయి, ప్రతి రేకుకీ ఎదురుగా పక్క పువ్వు రేకు వస్తుంది, ఎక్కడా లాగక్కర్లేదు. 3 చుక్కలు 2 వరకు పెడితే 7 పూలు, 5 నుంచి 3 వరకు 19, 7 నుంచి 4 వరకు 37. మీ దగ్గర 40 ఉన్నాయంటే 7 చుక్కల ముగ్గు హాయిగా వచ్చేస్తుంది! 20 నంబరు దారంతో పువ్వు 4 సెంటీమీటర్లు వస్తే మొత్తం పీసు ఒకవైపు 28, ఇంకోవైపు 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పెద్దది వద్దనుకుంటే నక్షత్రం చేసుకోండి, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, ఆ ఆరింటి సందుల్లో ఇంకో ఆరు, మొత్తం 13. మీ పూలకి అలాంటివి మూడు వస్తాయి, ఒక్కోటి 18 సెంటీమీటర్లు, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం, అంచు దానంతటదే కోణాలు తిరిగి వస్తుంది కాబట్టి విడిగా అంచు అల్లక్కర్లేదు.

రేకుల లెక్క ఎందుకు ఇంతలా చెప్తున్నానంటే నేను మొదట చేసినవన్నీ అయిదు రేకుల పూలు. చూడ్డానికి అచ్చం నందివర్ధనం పూలలా ముద్దుగా ఉండేవి, కలుపుతూ పోతే నాలుగైదు పూలకే మధ్యలో గిన్నెలా లోతు పడిపోయింది, ఎంత ఇస్త్రీ చేసినా చదును కాలేదు. నా చేతి బిగుతు తప్పేమో అని నెల రోజులు బాధపడ్డాను, తప్పు చేతిది కాదు, అయిదు రేకుల పువ్వు చుట్టూ అయిదు పూలు పెడితే అది వంగుతుంది, 12 పూలు కలిపితే ఏకంగా బంతే అయిపోతుంది. ఎనిమిది రేకులైతే ఎదురు చుక్క, వరసకి వరస నేరుగా కూర్చుంటాయి, నాలుగు పూల మధ్య మిగిలే ఖాళీలో నాలుగు రింగుల (ఒక్కో రేకూ ఒక రింగే) చిన్న ముక్క వేసుకోవాలి.

ఇక కలపడం. టాటింగ్‌లో రింగు మూసేశాక విప్పడం ఎంత నరకమో మీకు తెలుసు, కాబట్టి తయారైపోయిన పూలని సూదితోనే కలపాలి. అదే దారంతో ఎదురెదురు రేకుల రెండు పికోల్లోంచి (రేకు కొసన ఉండే చిన్న దారపు ఉచ్చులు) రెండుసార్లు తీసి ముడి వేసి, కొస రేకు వెనక కుట్లలోకి దోపేయండి. 37 పూలకి 90 అతుకులు పడతాయి, ఒక్కరోజులో చేసేద్దామని కూర్చోకండి, మెడ పట్టేస్తుంది. కొత్త పువ్వు చేస్తూనే పక్క పువ్వు పికోకి జాయిన్ చేసే పద్ధతీ ఉంది కదా, రెండూ ఒకే పీసులో కలపొద్దు. చేస్తూ జాయిన్ చేస్తే మధ్యలో ఒక్క పికో పొడవే ఉంటుంది, సూదితో కలిపితే రెండు పికోల పొడవు వస్తుంది, ఒకచోట దగ్గరగా ఒకచోట ఎడంగా ఉండి మొత్తం మెలి తిరుగుతుంది.

కలిపే ముందు పూలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి సైజు చూడండి. ఆర్నెల్ల కింద చేసిన పువ్వూ నిన్న చేసిన పువ్వూ ఒక్కలా ఉండవు, చేయి మారిపోతుంది. పెద్దవన్నీ బయటి వరసలో పడితే అంచు కుచ్చిళ్ళలా అలలు తేలుతుంది, చిన్నవన్నీ బయట పడితే లోపలికి ముడుచుకుంటుంది, అందుకని కలగలిపి పరచండి. రంగులున్నా ఇదే పద్ధతి, పరిచి, ఫోనులో ఫొటో తీసి చూడండి, ఎదురుగా కనబడని తేడా ఫొటోలో ఇట్టే తెలుస్తుంది.

ఆఖర్న గంజి. థర్మాకోల్ షీటు మీద కాగితం వేసి, 4 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు, వరసకీ వరసకీ మూడున్నర సెంటీమీటర్లు, సందు చుక్కలుగా పెట్టుకోండి. పెన్సిల్‌తోనే పెట్టండి, పైన ప్లాస్టిక్ కవరు పరచండి. నేను ఒకసారి నీలం స్కెచ్ పెన్నుతో పెట్టాను, తడి లేసు పరిచి పొద్దున్నే తీస్తే తెల్లటి పూల మధ్య రింగుల్లోకి నీలం ఎక్కేసింది, ఎన్ని ఉతుకులకీ పూర్తిగా పోలేదు, మూడు నెలల పని అది. సగ్గుబియ్యం గంజి పల్చగా కాచి వడకట్టి, లేసు ముంచి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, ఒక్కో పువ్వు మధ్యని ఒక్కో చుక్క మీదికి తెచ్చి తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. మధ్య పువ్వు నుంచి బయటికి వెళ్ళండి, అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. పూర్తిగా ఆరాకే పిన్నులు తీయండి.

37 పెడితే మూడు పూలు మిగులుతాయి కదా, వాటిని పారేయకండి. ఎప్పుడైనా ఉతుకులో ఒక పికో తెగిపోతే ఆ పువ్వు తీసేసి ఇది పెట్టుకోవచ్చు, అదే దారం, అదే చేయి కాబట్టి కొత్తగా అతికినట్టు కనబడదు.