ట్రోకెన్ అని చూసి కొన్నా తీయగా ఎందుకుంది?

"ట్రోకెన్" (జర్మన్‌లో "ఎండిన", వైన్ విషయంలో తీపి లేనిది) అన్న మాట చూసి కొన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ పానకంలా ఉందని, ఆదివారం చేపల విందుకు ఏది తేవాలో తెలియడం లేదని రాశారు. మీరు ఇచ్చిన పేరు ట్రోకెన్‌బీరెన్‌అవుస్‌లేజ. అందులోని "ఎండిన" అన్న మాట వైన్‌ను గురించి కాదు, తీగ మీదే వడలిన ద్రాక్షపళ్లను గురించి చెబుతుంది కాబట్టి అది జర్మనీలోని అత్యంత తీయని వైన్లలో ఒకటి. ఖరీదైనది, పారబోయకండి, నీలిబూజు జున్నుతో చిన్న గ్లాసుల్లో పోయండి.

మీకు కావలసిన సీసా మీద "ట్రోకెన్" అని విడిగా ఉండాలి. అటువంటి వైన్‌లో లీటరుకు 4 గ్రాముల వరకు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు మాత్రమే చక్కెర మిగలవచ్చు. వెన్నలో వేయించిన ట్రౌట్ చేపకు మోజెల్ ప్రాంతపు ట్రోకెన్ రీస్లింగ్ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే నిమ్మకాయ పిండినట్టుండే దాని పులుపు వెన్న జిడ్డును నాలుక మీద నిలవనివ్వదు. పక్కన తెల్ల ఆస్పరాగస్ కూడా వడ్డించేటట్లయితే, బల్లపరుపు గుండ్రటి బాక్స్‌బాయిటెల్ సీసాలో వచ్చే ఫ్రాంకెన్ ప్రాంతపు తెల్ల వైన్ సిల్వానర్‌నే నేను ఎంచుకుంటాను.

చేపల పులుసు పెట్టదలిస్తే మాత్రం కాస్త తీపి ఉన్న హాల్బ్‌ట్రోకెన్ తెండి; ట్రోకెన్‌తో కారం మరింత మండుతుంది. ఏదైనా 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో వడ్డించండి.