రోల్ ప్లేయింగ్ గేమ్‌లో అదరగొట్టే స్పెషల్ అటాక్, ఫైటింగ్ గేమ్‌లోకి తెస్తే ఎందుకు చప్పబడిపోతుంది?

చప్పబడిపోదండీ. తెచ్చేవాళ్లు తేవాల్సింది వదిలేసి పక్కనున్నది పట్టుకొస్తారు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తప్పు నేనే చేసి హాస్టల్ మొత్తం ముందు పరువు పోగొట్టుకున్నాను.

2009లో నెల్లూరులో ఇంజినీరింగ్ చదివేటప్పటి సంగతి. ముగెన్ అని ఒక ఫ్రీ ఫైటింగ్ గేమ్ ఇంజిన్ ఉంది. ఎవరికి నచ్చిన క్యారెక్టర్‌ను వాళ్లు తయారుచేసి అందులో పడేయొచ్చు. ఏ గేమ్ విలన్ అయినా సరే, వేరే గేమ్ హీరోతో తన్నుకుంటాడు. నాకేమో ఫైనల్ ఫాంటసీ 7 పిచ్చి. 1997లో వచ్చిన రోల్ ప్లేయింగ్ గేమ్ అది, అంటే కథలో ఒక పాత్రను నడిపిస్తూ ఆడే రకం. నా చేతికి వచ్చేసరికి పదేళ్లు దాటింది. మా బావ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొనుక్కొచ్చిన మూడు సీడీల్లో రెండోదాని మీద అన్నీ గీతలే. చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఆడాను.

అందులో ఆఖరి ఫైట్‌లో విలన్ సెఫిరోత్ సూపర్‌నోవా అనే స్పెషల్ అటాక్ వేస్తాడు. ఒక తోకచుక్క వచ్చి దారిలో ఉన్న గ్రహాలను గుద్దుకుంటూ, గురుగ్రహాన్ని పగలగొట్టి, సూర్యుడిలోకి దూరుతుంది. సూర్యుడు ఉబ్బి మన మీదకు వస్తాడు. మొత్తం దాదాపు రెండు నిమిషాలు. ఇంకోసారి వేస్తే గురుడు ఇంకోసారి పగులుతాడు. ఇక గురుబలం సంగతి పంచాంగం రాసేవాళ్లే చూసుకోవాలి. ఇంత చేసినా ఆ దెబ్బకు ఎవరూ చావరు. అప్పటికి ఉన్న ప్రాణంలో పదహారింట పదిహేను వంతులే తీస్తుంది.

నేను దాన్ని ఉన్నదున్నట్టు ముగెన్‌లోకి దించాలనుకున్నాను. సెమిస్టర్ పరీక్షల ముందు మూడు వారాలు కూర్చున్నాను (ఆ సెమిస్టర్ సంగతి అడక్కండి). రెండు నిమిషాలు మరీ ఎక్కువని నలభై సెకన్లకు కుదించాను. సెకనుకు 60 ఫ్రేములు (స్క్రీన్ మీద మారే బొమ్మలు) కాబట్టి 2400 ఫ్రేములు ఆట ఆగిపోవాలి. పవర్ బార్ పూర్తిగా 3000 నిండితేనే వెయ్యనిస్తుంది. పదహారో వంతు లెక్క కూడా వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం, మెస్‌లో చికెన్ తిని అందరూ నా రూమ్‌లో చేరారు. నాతో ఆడింది పక్క రూమ్ కందుకూరోడు. (అప్పట్లో వాళ్లది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరులో కలిపారు. వాడికి మింగుడు పడలేదు.) ఒకటే కీబోర్డు, ఇద్దరం భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. ఒకేసారి నాలుగైదు కీలు నొక్కితే ఒకటి పనిచెయ్యదు, ఓడినవాడు నెపమంతా దానిమీదే వేస్తాడు. ఈ రోగం లేని కీబోర్డు కావాలంటే అప్పట్లో జేబుకు చిల్లే.

వాడు నన్ను చితకబాదాడు. నా లైఫ్ బార్ దారప్పోగంత మిగిలింది. దెబ్బలు తిన్నా పవర్ వస్తుంది కాబట్టి 3000 నిండింది. నొక్కాను. స్క్రీన్ నల్లబడి తోకచుక్క బయల్దేరింది. పది సెకన్లు అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. పదిహేనో సెకనుకు కందుకూరోడు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "ఏంది బ్బయ్యా, ఇది నేను ఆడేదా, చూసేదా?" అని లేచి, వరండాలో ఉన్న ఫ్లాస్కు దగ్గరికి పోయి టీ పోసుకున్నాడు. వాడు గ్లాసుతో తిరిగొచ్చేసరికి సూర్యుడు ఇంకా ఉబ్బుతూనే ఉన్నాడు. ఎట్టకేలకు వాడి బార్ సర్రున కిందికి దిగింది. నేను చేతులు పైకెత్తి లేచి నిలబడ్డాను. పదహారో వంతు మిగులుతుందని రాసింది నేనే, ఆ సంబరంలో మర్చిపోయాను. వాడు కుడిచేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని, ఎడమచేత్తో ఒక్క కీ నొక్కాడు. మామూలు తన్ను, ఒక్కటే. నేను పోయాను.

నలభై సెకన్లను తేగలిగాను గానీ, వాటి వెనకున్న భయాన్ని తేలేకపోయాను. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో రెండు నిమిషాలు నడిచిందంటే ఎదురుగా ఉన్నది కంప్యూటర్. దానికి విసుగు రాదు. కందుకూరోడికి వస్తుంది. అక్కడ పదహారో వంతు ప్రాణంతో మిగిలితే, తర్వాతి దెబ్బలోపు ఎవరికి మందు వెయ్యాలా అని గుండె కొట్టుకుంటుంది. ఇక్కడ మందూ లేదు, మాకూ లేదు.

తేవాల్సింది ఆ అటాక్ కోసం మనం పడ్డ పాట్లు. నింటెండో ఫైటింగ్ గేమ్ స్మాష్ బ్రదర్స్‌లోకి 2015లో ఫైనల్ ఫాంటసీ 7 హీరో క్లౌడ్‌ను తెచ్చినప్పుడు అదే చేశారు. అసలు గేమ్‌లో దెబ్బలు తింటే లిమిట్ అనే బార్ నిండుతుంది, నిండితే స్పెషల్ అటాక్ వెయ్యొచ్చు, ఇక్కడా అంతే. పైగా నిలబడి నింపుకోవచ్చు, కానీ ఆ కాసేపూ ఎదుటివాడికి దొరికిపోతాం. పాత గేమ్‌లో నిండిన లిమిట్‌ను తర్వాతి ఫైట్ దాకా దాచుకోవచ్చు. 2018లో వచ్చిన తర్వాతి స్మాష్, అల్టిమేట్‌లో పదిహేను సెకన్లలో వాడకపోతే పోతుంది. ఆ పదిహేను సెకన్లు ఎదుటివాడు పారిపోతుంటాడు, మనం తరుముతుంటాం. టెన్షనంటే అదీ. క్లౌడ్ ఆఖరి లిమిట్ అటాక్‌కు ఒరిజినల్‌లో పదిహేను దెబ్బలుంటే ఇక్కడ ఎన్నున్నాయని వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లకు ఇదెప్పుడు అర్థమవుతుందో.

అదే అల్టిమేట్‌లో, డ్రాగన్ క్వెస్ట్ అనే ఇంకో రోల్ ప్లేయింగ్ గేమ్ హీరో ఇంకా బాగా కుదిరాడు. 2019లో వచ్చాడు. మెనూ తెరిస్తే నాలుగు మంత్రాలు కనబడతాయి, ప్రతిసారీ వేరే నాలుగు, ప్రతిదానికీ ఎంపీ (మంత్రశక్తి) ఖర్చు. మనం చదువుకునే లోపు అవతలివాడు ఆగడు, మూతి పగలగొడతాడు. నా మేనల్లుడు దీన్ని లక్కు అంటాడు. వాడికి మెనూ చదివే ఓపిక లేదు, అంతే.

సెఫిరోత్ కూడా 2020 డిసెంబర్‌లో వచ్చాడు, సూపర్‌నోవాతో సహా. మేనల్లుడి స్విచ్‌లో (నింటెండో గేమ్ మెషిన్) చూశాను (అప్పట్లో మన దగ్గర అధికారికంగా అమ్మేవాళ్లు కాదు, బయటి నుంచి ఎవరైనా తేవాల్సిందే). అదే తోకచుక్క, అర నిమిషం కూడా పట్టలేదు, అదీ ముందు కత్తి తగిలితేనే. నేను మూడు వారాలు కూర్చుని చెయ్యలేనిది.

నా ముగెన్ సెఫిరోత్‌ను ఆ రాత్రే 2400 ఫ్రేముల నుంచి 180కి కోసేశాను. పదహారో వంతును మాత్రం మొండిగా అలాగే ఉంచాను. కందుకూరోడు ఒకసారి ఆడి, "టీకి టైమియ్యకపోతే ఎట్టా బ్బయ్యా" అని లేచిపోయాడు.