ఐదు వాట్లు ఎంత దూరం పోతాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సొంత సెట్టుతో సరదాగా మాట్లాడుకోవడం) ప్రశ్నలే ఎక్కువ, అందులోనూ అన్నీ తక్కువ పవర్ గురించే, అంటే మనవాళ్ళు క్యూఆర్‌పీ అంటారే, ఐదు వాట్లు, మాట్లాడటానికైతే పది వాట్ల లోపు, ఆ ఆట అన్నమాట. నాలుగింటికి జవాబు రాస్తున్నా.

ప్రశ్న: సార్, మాది గుంటూరు. ఈమధ్యే లైసెన్స్ వచ్చింది, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా గుర్తింపు పేరు. ఐదు వాట్ల సెట్టు, డాబా మీద 20 మీటర్ల బ్యాండ్ డైపోల్, అదే మధ్యలో కేబుల్ కట్టిన వైరు యాంటెన్నా. ఇటలీ వాళ్ళు వినపడుతున్నారు, ఒకాయన జవాబు కూడా ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఉన్న మా బావ మాత్రం అస్సలు దొరకట్లేదు. వంద వాట్ల సెట్టు కొనాలా?

జవాబు: వద్దు బాబూ, డబ్బులు దాచుకో. ఇటలీ వినపడి హైదరాబాద్ వినపడకపోవడం నీ సెట్టు తప్పు కాదు, ఆ బ్యాండ్ స్వభావమే అంత. 20 మీటర్లంటే 14 మెగాహెర్ట్జ్, ఆ సిగ్నల్ ఏటవాలుగా పోయినప్పుడే ఆకాశంలో చాలా పైనున్న ఎఫ్ లేయర్ అనే విద్యుత్ పొరకి తగిలి ఎక్కడో చాలా దూరాన దిగుతుంది, నిటారుగా పోయింది మాత్రం మామూలుగా వెనక్కి రాదు, అంతరిక్షంలోకి పోతుంది. మధ్యలో మిగిలిపోయిన ఖాళీనే స్కిప్ జోన్ అంటారు, మీ బావగారు సరిగ్గా అందులో కూర్చున్నారు. నాలుగొందల వాట్లు పెట్టినా ఆయనకి అందడం కష్టమే.

40 మీటర్ల బ్యాండ్‌కి, అంటే 7 మెగాహెర్ట్జ్‌కి రా. అక్కడ పగటిపూట నిటారుగా పోయిన సిగ్నల్ కూడా చాలాసార్లు వెనక్కొస్తుంది, పైపు పైకెత్తి నీళ్ళు కొడితే చుట్టూ పడతాయే అలాగ, మూడొందల కిలోమీటర్లు కూడా లేని గుంటూరు-హైదరాబాద్‌కి అదే కావాలి. పొద్దున ఏడు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గాక ప్రయత్నించు. మిట్టమధ్యాహ్నం ఎఫ్ కంటే కిందున్న డి లేయర్ అనే పొర సిగ్నల్ని మింగేస్తుంది, ఐదు వాట్లతో కాస్త కష్టం. రాత్రి బాగా పొద్దుపోయాక అదే బ్యాండ్ దూరదేశాలకి తెరుచుకుంటుంది, బావగారు మళ్ళీ మాయం!

దానికి కావాల్సిన డైపోల్ వైరు లెక్క సులభం, 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1కి ఇరవై మీటర్లు, మధ్యలో కేబుల్, అటు పది ఇటు పది. కొంచెం పొడుగ్గానే కట్టి తర్వాత కత్తిరించుకో, తక్కువైతే అతుకులేసుకోవాలి. డాబా మీద ఐదారు మీటర్ల ఎత్తున్నా దగ్గరవాళ్ళకి సరిపోతుంది, చివర్లు వంగినా ఫర్వాలేదు. ఇంకో లాభం కూడా ఉంది, ఈ వైరు మూడింతల ఫ్రీక్వెన్సీలో అంటే 21 మెగాహెర్ట్జ్‌లో కూడా దాదాపు పలుకుతుంది, 15 మీటర్ల బ్యాండ్ ఫ్రీగా వచ్చినట్టే.

ఇక వాట్ల సంగతి. ఐదు నుంచి వందకి వెళ్తే పెరిగేది 13 డెసిబెల్స్, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఒక్కో గీతకి ఆరు అనుకుంటే అవతలివాళ్ళకి రెండు గీతలు, అంతే. అంతకంటే నీ ఇంట్లో గరగర తగ్గించుకోవడమే లాభం. మా ఇంట్లో ఒకప్పుడు 40 మీటర్లు తిప్పితే చాలు ఎస్ 7 మీద గరగర, సెట్టు పాడైందనుకుని రెండుసార్లు విప్పాను కూడా, చివరికి చూస్తే మెట్ల దగ్గర ఎల్‌ఈడీ బల్బు! అది మార్చాక గరగర నాలుగు గీతలు పడిపోయింది. అందుకే ఒకసారి ఇంట్లో మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద విని చూడు, తర్వాత ఒక్కొక్క స్విచ్ వేసుకుంటూ రా, దొంగ దొరుకుతాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో పుట్టిన బిట్‌ఎక్స్ సెట్టు గురించి విన్నాను, ఇంట్లో కట్టుకోవచ్చా? మైక్రో బిట్‌ఎక్స్‌లో 10 మీటర్లకి వెళ్తే పవర్ ఎందుకు పడిపోతుంది? - వరంగల్

జవాబు: కట్టుకోవచ్చు, అది పుట్టిందే అందుకు. అశర్ ఫర్హాన్ గారు, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, మన బజార్లో దొరికే సామాన్లతో 14 మెగాహెర్ట్జ్‌కి ఆరు వాట్ల ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే ఒక పద్ధతి) సెట్టు డిజైన్ చేశారు, కాయిల్స్ చుట్టడానికి నల్లా వాషర్లు వాడారండీ! ఆ ముచ్చట నాకు భలే ఇష్టం, ఎక్కడో విదేశాల నుంచి టొరాయిడ్లు, అంటే కాయిల్ చుట్టే రింగులు, తెప్పించుకోవాలని ఏడవకుండా నల్లా సామాన్ల షాపుకెళ్ళారు. తర్వాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ 80 నుంచి 10 మీటర్ల దాకా పనిచేస్తుంది. చివర్లో పవర్ పెంచే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్లు నిజానికి స్విచింగ్ కోసం చేసినవి, రేడియో కోసం కాదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వాటి గెయిన్ తగ్గుతుంది, అందుకే కింద బ్యాండ్లలో పది వాట్లిచ్చే సెట్టు 10 మీటర్లలో, అంటే 28 మెగాహెర్ట్జ్‌లో, బాగా తక్కువ ఇస్తుంది. బెంగపడకండి, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న రోజుల్లో 10 మీటర్లు తెరుచుకుంటే రెండు వాట్లతో కూడా ఖండాలు దాటొచ్చు. ఎఫ్‌టీ8 లాంటి కంప్యూటర్ సందేశాల పద్ధతులు నడిపేటప్పుడు మాత్రం పవర్ సగానికి తగ్గించండి, లేకపోతే వేడి లాగే హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టలేరు.

ప్రశ్న: ఒక్క వాటే కదా, లైసెన్స్ లేకుండా ట్రై చేస్తే ఏమవుతుంది? - ఖమ్మం

జవాబు: నేరం అవుతుంది తమ్ముడూ. వినడం మొదలుపెట్టు, ఈలోగా ఏఎస్‌ఓసీ, అదే హామ్ లైసెన్స్ కోసం పెట్టే పరీక్ష రాయి, అందులో కింది మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు.

ప్రశ్న: లైసెన్స్ ఉంది, కానీ ఆఫీసు పనితో మైకు దగ్గర కూర్చునే టైమ్ లేదు. ఏ బ్యాండ్ ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకునే దారి ఉందా? - విశాఖ

జవాబు: విస్పర్ (WSPR) అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ పెట్టండి. నోబెల్ వచ్చిన ఫిజిక్స్ ఆయన జో టేలర్ 2008లో తెచ్చారు, మీ కాల్‌సైన్, ఊరి గ్రిడ్ (మ్యాప్ మీద మీ గడి కోడ్), పవర్, ఈ మూడింటినే దాదాపు 111 సెకన్లపాటు నెమ్మదిగా పంపుతుంది, చెవికి వినపడని సిగ్నల్ని కూడా అవతలి కంప్యూటర్ పట్టేస్తుంది, ఎవరు విన్నారో నెట్‌లో చూసుకోవచ్చు. 200 మిల్లీవాట్లు చాలు, అంటే టార్చిలైట్ బల్బుకి కూడా చాలని పవర్. ఒక రోజంతా 40 మీటర్లలో వదిలేయండి, మర్నాడు 20లో, ఆ మర్నాడు 10లో, ఏ గంటకి ఎవరు విన్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. యాంటెన్నా కూడా మార్చాలనిపిస్తే బ్యాండ్ కదపకుండా మార్చండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్లో తేలదు. ఉరుములొచ్చే రోజు కేబుల్ పీకేసి ఆఫీసుకెళ్ళండి. ఇంకోటి, కంప్యూటర్ గడియారం రెండు మూడు సెకన్లు తప్పినా మీ సిగ్నల్ ఎవరికీ అర్థం కాదు, ముందు అది సరిచూస్కోండి.