బరంపురంలో పగడాల ట్యాంకు పెట్టాలంటే ముందు కొనవలసింది బ్యాటరీ

బరంపురంలో ఉంటున్నామని, మూడడుగుల గాజు తొట్టి తెచ్చుకున్నామని రాశారు. గోపాలపూర్ 16 కిలోమీటర్లే కదా, సముద్రపు నీరు అక్కడి నుంచే తెచ్చి ఇంట్లో పగడాలు పెంచవచ్చా, మొదట ఏ చేప కొనాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు. నేను ఇదే ఊళ్లో 2013 జనవరి నుంచి ఉప్పునీటి ట్యాంకు నడుపుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మొదట కొనవలసింది చేప కాదు, బ్యాటరీ.

ముందు నీటి సంగతి తేల్చేస్తాను. గోపాలపూర్ నీరు నేనూ తెచ్చాను. ఆ ఏడాది ఆగస్టులో అక్కడి మన తెలుగు జాలరుల పడవ ఎక్కి, అలలు విరిగే చోటు దాటాక నాలుగు డబ్బాలు నింపుకున్నాను. పడవ నడిపిన పెద్దాయన అప్పుడే అన్నారు, "ఇదంతా కొత్తనీరు బాబూ, ఏటిలోంచి వచ్చింది. ఇందులో ఉప్పెక్కడిది?" ఇంటికొచ్చి రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే లవణం వెయ్యికి 27 పాళ్లే ఉంది. పగడాలకు 35 కావాలి. వానాకాలంలో ఋషికుల్య, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీటితో బంగాళాఖాతం పైపొర పలచబడిపోతుంది, దానికి మట్టి తోడవుతుంది. మన దేశంలో పగడపు దిబ్బలు చెప్పుకోదగ్గట్టు ఉన్నవి మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో. గోపాలపూర్‌లో లేవు. పగడం తనంతట తాను ఉండని నీటిని అంత కష్టపడి మోసుకురావడం దేనికి? ఉప్పు మిశ్రమం కొని ఆర్‌ఓ నీటిలో కలుపుకోండి. వంటింటి ఆర్‌ఓ చాలదు. రుచి కోసం అందులో ఖనిజాలను మళ్లీ కలుపుతారు. చివర మిగిలిన ఖనిజాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న యంత్రం పెట్టుకుని, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్నవాటి లెక్క) సున్నా చూపించిన నీరే వాడండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గిన మేరకు పోయవలసింది మంచినీరే. కొత్తవాళ్లు ఇక్కడ ఉప్పునీరు పోసి నెల తిరిగేసరికి ట్యాంకును ఉప్పు మడి చేస్తారు.

ఇక బ్యాటరీ సంగతి. 2013 అక్టోబరు 12, శనివారం. దసరా రోజులు. ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటుతుందని రెండు రోజులుగా హెచ్చరికలు వస్తున్నాయి. నా ట్యాంకుకు అప్పటికి తొమ్మిది నెలలు. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, ఒక క్లీనర్ రొయ్య, అరచేయంత లెదర్ అనే మెత్తని పగడం, రాళ్ల మీద చిన్న పూలలా పరుచుకుంటున్న జోవాంథిడ్లనే పగడాల బంధువులు ఉన్నాయి. కరెంటు మధ్యాహ్నమే పోయింది. నురగతో మురికిని తీసే స్కిమ్మర్, లైట్లు ఆపి, నీటిని కదిలించే పది వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే ఇన్వర్టర్‌కు తగిలించాను. రాత్రి తొమ్మిది దాటాక అసలు గాలి మొదలైంది. ఆ చప్పుడు గాలిదని అనిపించదు, ఇంటి పక్కనే గూడ్స్ బండి ఆగకుండా పోతున్నట్టు ఉంటుంది. నాన్న వీధి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు. తెల్లవారేసరికి వీధిలో నిలబడిన స్తంభం లేదు. మధ్యాహ్నానికి ఇన్వర్టర్ కూడా కూతపెట్టి ఆగిపోయింది.

చాలామంది చీకటికి భయపడతారు. మూడు నాలుగు రోజులు వెలుతురు లేకపోయినా పగడానికి ఏమీ కాదు. నాచు ముదిరినప్పుడు మేమే కావాలని ట్యాంకుకు మూడు రోజులు గుడ్డ కప్పుతాం. చంపేది నీరు కదలకపోవడం. పైపొర కదలకపోతే ప్రాణవాయువు లోపలికి దిగదు. మంచినీటిలో కంటే ఉప్పునీటిలో అది తక్కువగా కరుగుతుంది, నీరు వేడెక్కే కొద్దీ ఇంకా తక్కువ. రెండు గంటలు గడిచేసరికి క్లౌన్ చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి నిలబడ్డాయి. మొప్పలు వణుకుతున్నట్టు ఆడుతున్నాయి. నేను చెంబు తీసుకున్నాను. నీరు ముంచి, అడుగు ఎత్తు నుంచి సన్నని ధారగా మళ్లీ పోయడం. పావుగంటకు ఇరవై చెంబులు. రాత్రి రెండింటికి నా భుజం లేవలేదు. అప్పుడు మా అమ్మ లేచి వచ్చింది. ఆ ట్యాంకు వాసనే ఆమెకు గిట్టదు. "నువ్వు పడుకోరా, నేను పోస్తాను. ప్రాణం ఉన్నవి కదా" అని చెంబు తీసుకుని తెల్లవారే దాకా పోసింది. ఆ రాత్రి తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

మర్నాడు మా బావ తన సరుకుల ఆటో బ్యాటరీ విప్పి, పడిపోయిన చెట్లు దాటుకుంటూ భుజాన మోసుకొచ్చాడు. దాన్ని ఇన్వర్టర్‌కు కలిపితే వేవ్‌మేకర్ తిరిగింది. అది అయిపోయేలోపు మా బ్యాటరీని కల్యాణ మండపంలో జనరేటర్ దగ్గర ఛార్జి చేయించి తెచ్చేవాళ్లం. అలా మార్చి మార్చి తొమ్మిది రోజులు నడిపాం. రొయ్య మూడో ఉదయం పోయింది, గోబీ నాలుగో రోజు. చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి, లేకపోతే అమ్మోనియా మిగతావాటిని తీసుకుపోతుంది. లెదర్ పగడం ముడుచుకుని మైనం లాంటి పొర కప్పుకుంది. చనిపోయిందనుకున్నాను. కరెంటు వచ్చాక వారానికి ఆ పొర ఊడిపోయి, లోపలి నుంచి మళ్లీ విచ్చుకుంది. ఇది అక్టోబరు చల్లదనంలో జరిగింది. మేలో జరిగి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

అక్టోబరు నెలను నేను నమ్మను. 1999లో సూపర్ సైక్లోన్‌కు ముందు మన గంజాం మీద విరుచుకుపడిన తుఫాను అక్టోబరులోనే. 2013 ఫైలిన్, 2018లో పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచిన తిత్లీ కూడా అక్టోబరులోనే. ఈ ప్రాంతంలో ఎవరైనా ట్యాంకు మొదలుపెట్టవలసింది నవంబరులో. ఇందులో నాకు అనుమానం లేదు. ఖర్చు సంగతి అంటారా, మీరు ఎంత అనుకున్నా అందులో నాలుగో వంతు ముందే ఇన్వర్టర్‌కు, బ్యాటరీకి, సెల్‌తో నడిచే ఒక చిన్న గాలి పంపుకు పక్కన పెట్టండి. మిగిలినదాంట్లోనే లైట్లు, స్కిమ్మర్. వేసవిలో నీరు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేకపోతే నీటి ఉపరితలం మీదకు ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అక్వేరియం దుకాణాల మీద నా కోపం ఒకటి ఉంది. నాకు తొట్టి అమ్మిన దుకాణం అదే రోజు రెండు చేపలను కూడా సంచిలో పెట్టి ఇచ్చింది. "సీసాలో బ్యాక్టీరియా పోయండి, చాలు" అన్నారు. అయిదో రోజున రెండూ పోయాయి. చేప విసర్జించేది అమ్మోనియా. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో, ఇసుకలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ట్యాంకులో రాళ్లు, నీరు, చిటికెడు చేపల మేత తప్ప ఏమీ ఉండకూడదు. ఈ సంగతి తెలిసి కూడా ప్రాణాలను అమ్మేవాళ్లను నేను క్షమించలేను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాక ఒక జత క్లౌన్ చేపలు, అవి కూడా హాచరీలో పుట్టినవి తెచ్చుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వీటిని మన దేశంలోనే పొదిగించింది. సముద్రంలో వలపన్ని పట్టినవి అడగవద్దు. గట్టి సున్నపు గూడు కట్టే రాతి పగడాల జోలికి అసలే వెళ్లవద్దు. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా అండమాన్ నుంచి తెచ్చాం అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ వంటి మెత్తని రకాలే మీకు రెండేళ్లకు సరిపడా పని కల్పిస్తాయి. జోవాంథిడ్లను తాకేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి, కొన్నింటిలో ఘోరమైన విషం ఉంటుంది.

ఆ తొమ్మిది రోజులు చూసిన జతలో ఆడ చేప ఇప్పటికీ ఉంది. ఆరు వారాల నిరీక్షణను తగ్గించుకోవాలంటే నా ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకుని పండిన రాయి ఒకటి ఇస్తాను. మీ తొట్టిలో ఉప్పునీరు ముందే సిద్ధం చేసి, వేవ్‌మేకర్ తిప్పి ఉంచండి. రాయిని తడిగుడ్డలో చుట్టి ఇస్తాను, గంటలోపు నీటిలో పడాలి. వచ్చేముందు మెయిన్ స్విచ్ ఆపి, మీ ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్ ఎన్ని గంటలు తిరుగుతుందో గడియారం పెట్టి చూసి రండి. ఆ లెక్క చెబితేనే రాయి.