రోడ్డు క్యాంపులో మలేరియా: ముందే మాత్రలు వేయించవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారూ, చింతపల్లి దాటాక లోపలి ఊళ్లకు వేస్తున్న రోడ్డు పనిలో మేస్త్రీని. కూలీల్లో కొందరు ఒడిశా వాళ్లు. గెడ్డ పక్కనే టార్పాలిన్ డేరాల్లో ఉంటాం. నిరుడు వానల్లో ముగ్గురికి మలేరియా వచ్చి పని ఆగిపోయింది. ఈసారి ముందుగానే అందరికీ మాత్రలు వేయించి, ఫాగింగ్ కొట్టిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: సరిపోదండీ. ముందు జాగ్రత్తగా వేసుకునే డాక్సీసైక్లిన్ ఆరు వారాల లోపు వెళ్లొచ్చే పెద్దవాళ్లకు, అదీ డాక్టరు చూసి రాస్తేనే. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. మీ పని వానాకాలమంతా సాగేది. ఇక ఫాగింగ్ పొగ ఆ పూట ఎగురుతున్న దోమల్ని చంపుతుంది, అంతే. ఫొటోకి బాగుంటుంది.

ముందు డేరాలను గెడ్డ ఒడ్డు నుంచి వీలైనంత దూరంగా, ఎత్తుకు మార్చండి. డెంగీ దోమకు డ్రమ్ములూ టైర్లూ కావాలి. మన్యంలో మలేరియా దోమకు గెడ్డ అంచున నెమ్మదిగా పారే శుభ్రమైన నీళ్లు చాలు. మరో రకం దోమ మీరు మట్టి తవ్విన గుంతల్లో నిలిచిన వాన నీటిలోనే గుడ్లు పెడుతుంది. అంటే మీ పొక్లెయినే దోమల్ని పెంచుతోందన్నమాట! గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఆ గుంతలు పూడ్పించండి, లేదా నీళ్లు తోడించండి.

ఇళ్ల గోడలకు స్ప్రే చేసే మందు దోమ వచ్చి గోడ మీద వాలితేనే పనిచేస్తుంది. డేరాకు గోడే లేదు. కాబట్టి మీకు దిక్కు మందు పట్టించిన దోమతెరే. పాడేరు వైపు పీహెచ్‌సీలో పనిచేసినప్పుడు నేను తరచూ చూసిందేమిటంటే, దోమతెర ఇంట్లో దండెం మీద ఉంటుంది, మనిషేమో పోడు చేలో పాకలో కాపలా పడుకుంటాడు. కొన్ని తెరలైతే చేపలు పట్టడానికి, కూరపాదుల చుట్టూ కంచెకు కూడా వెళ్లాయి. మీ క్యాంపులో ఒక్కొక్క పడకకు నాలుగు వెదురు కర్రలు పాతించి, తెర కట్టి, అంచులు చాప కిందికి దోపించండి. తెరను ఎండలో ఆరేయొద్దు, నీడలోనే ఆరాలి. నెగడు చుట్టూ కూర్చునే వేళ నిండు చేతుల చొక్కా, ఒడోమాస్ లాంటి క్రీము ఉండాలి. వేపాకు పొగను నమ్ముకోవద్దు.

అసలు చిక్కు ఇంకొకటుంది. జ్వరమొస్తే కూలీ చెప్పడు. కూలి డబ్బులు పోతాయని ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుని పలుగు పట్టుకుంటాడు. అది మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపారం రకమైతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం వచ్చిన రోజు కూలి కోయనని మీరు ముందే చెప్పేయండి, ఫాగింగ్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టండి. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్ ఉంటుంది. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. మందులు ఉచితం. మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం వచ్చినా కిట్ కోసం చూడకుండా ఆసుపత్రికి తరలించండి.

వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాకు ప్రైమాక్విన్ మాత్ర పద్నాలుగు రోజులు వాడాలి. మూడో రోజుకే జ్వరం తగ్గిందని మానేస్తే, కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. ఆ మాత్ర గర్భిణులకు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు పనికిరాదు. వేసుకున్నాక మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి పీహెచ్‌సీకి పంపండి.

పని ముగించుకుని ఇళ్లకు వెళ్లాక జ్వరమొస్తే, అక్కడి డాక్టరుకు మొదటి మాటగా ‘ఏజెన్సీలో పని చేసి వచ్చాను’ అని చెప్పమనండి. లేకపోతే టైఫాయిడ్ అనుకుని వారం గడిపేస్తారు.