2016 నాటి అద్దె.. ఇప్పుడెంత పెంచవచ్చు?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై విల్లివాక్కంలో మాకున్న ఇంటి మేడమీద పోర్షన్‌ను 2016లో 9,000 రూపాయల బాడుగకు ఇచ్చాం. కాగితం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు ఆ వీధిలో అలాంటి పోర్షన్ 15,000 పలుకుతోంది. అంతే ఇమ్మంటే, చట్టప్రకారం 5 శాతానికి మించి పెంచకూడదని అద్దెకున్నాయన వాదిస్తున్నారు. నిజమేనా? మోటారు ఆపి నీళ్లు ఇవ్వకపోతే ఆయనే దారికొస్తాడని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: ముందు మీ బావమరిది మాట పక్కన పెట్టండి. అద్దెకున్నవారికి నీళ్లు, కరెంటు ఆపకూడదని చట్టంలోనే ఉంది. ఆపితే ఆయన నేరుగా రెంట్ అథారిటీ (అద్దె తగాదాలు చూసే ప్రభుత్వ అధికారి) దగ్గరికి వెళ్తారు. గట్టిగా ఉన్న మీ కేసు అక్కడే బలహీనపడుతుంది.

ఇక 5 శాతం. తమిళనాడులో ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 నాటి అద్దె చట్టం. 2019 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. అందులో అలాంటి అంకె లేదు. ఇద్దరూ అగ్రిమెంటులో రాసుకున్నదే అద్దె, పెంపు కూడా అంతే. అంతకుముందున్న 1960 చట్టంలో మాత్రం ‘ఫెయిర్ రెంట్’కు (న్యాయమైన అద్దెకు) లెక్క ఉండేది: నివాస గృహమైతే స్థలం, కట్టడం కలిపిన విలువ మీద ఏడాదికి 9 శాతం. 40 లక్షల ఆస్తికి నెలకు 30,000 అన్నమాట! విల్లివాక్కంలో మేడమీద పోర్షన్‌కు అంత ఎవరిస్తారు? ఏదేమైనా ఆ చట్టం రద్దయింది.

మీ అసలు ఇబ్బంది కాగితం లేకపోవడం. పాత అద్దెదారులతో కూడా రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని కొత్త చట్టం గడువు పెట్టింది. అది ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి ముందు అగ్రిమెంటు డ్రాఫ్టు ఒకటి ఆయన చేతికివ్వండి, ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒప్పందం కుదరకపోతే, ఖాళీ చేయించమని కోరడానికి చట్టంలో అదే ఒక కారణం. పదకొండు నెలలకే రాసుకుంటే నమోదు అక్కర్లేదని బ్రోకర్లు చెబుతారు. నమ్మకండి. ఎన్ని నెలలకైనా రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయాల్సిందే.

ఎంత రాయాలి? ఒకేసారి 15,000 అనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆయన ఖాళీ చేస్తే ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుంది, పెయింటింగ్ ఖర్చు, బ్రోకర్‌కు కమీషన్. ఏడాదిలో మీరు పెంచుకున్నదాంట్లో చాలా భాగం అందులోనే పోతుంది. వీధిలో టులెట్ బోర్డున్న రెండు మూడు ఇళ్లు కనుక్కోండి. వాటికి బైక్ పార్కింగ్, మెట్రో వాటర్ (చెన్నై నగర కుళాయి నీళ్లు) ఉండి, మీ దాంట్లో బోరు నీళ్లే అయితే ఆ మేరకు తగ్గించండి. ఇప్పుడు 12,500, ఏటా 6 శాతం పెంపు అని రాస్తే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. కరెంటుకు వేరే మీటరు ఉంటే బిల్లు ఆయన్నే కట్టుకోమనండి.

అప్పటికీ మాట కుదరకపోతే అద్దె నిర్ణయించమని రెంట్ అథారిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటి పన్ను రశీదు, ఇన్నాళ్లూ ఆయన అద్దె వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకోండి.